ఏమీ జరగని యానిమేలో ఏం జరుగుతుంది?

2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' అనే యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమా, తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. యానిమే అంటే చిన్నపిల్లల కార్టూన్లే అనుకునేవాళ్లు కూడా కొందరు ఆ సినిమా తర్వాత ఇటువైపు తిరిగారు. ఇంకేం చూడొచ్చని అడిగితే పాత ప్రేక్షకులు చెప్పే పేర్లలో కొన్ని విడ్డూరంగా ఉంటాయి. క్లబ్ గదిలో కూర్చుని టీ తాగే అమ్మాయిల కథ ఒకటి. చలికాలంలో ఒంటరిగా టెంట్ వేసుకునే అమ్మాయి కథ ఇంకొకటి. అయిదుగురే చదివే పల్లెటూరి బడి కథ మరొకటి. రెండు ఎపిసోడ్లు చూసి "ఇందులో ఏమీ జరగట్లేదేంటి?" అని అడిగితే, "అందుకే కదా బాగుండేది" అంటారు. ఫిర్యాదుకూ మెచ్చుకోలుకూ ఒకటే కారణం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏమీ జరగదన్నది ఎవరన్నా సరే పొరపాటే. జరుగుతుంది, కాకపోతే బాగా చిన్న స్థాయిలో జరుగుతుంది. ఆ చిన్న సంగతిని ఎంత శ్రద్ధగా చూపించారో చూస్తే మంచి సిరీస్ ఏదో, నాసిరకం ఏదో తెలిసిపోతుంది. ఈ కోవలో నాసిరకానికి కొదవేం లేదు.

ఒకే పేరు కింద చేరిన రకరకాల సరుకు

ఇలాంటివాటికి స్లైస్ ఆఫ్ లైఫ్ అని పేరు, అంటే రోజువారీ బతుకే కథగా నడిచే సిరీస్. ప్రపంచాన్ని కాపాడే హీరో ఉండడు, ఓడించాల్సిన విలన్ ఉండడు. బడి, ఇల్లు, షాపు, సెలవులు, వానా ఎండా... ఎపిసోడ్ వీటితోనే సాగాలి. స్ట్రీమింగ్ యాప్‌లు ఈ ముద్ర వేసినవన్నీ ఒక్క తీరుగా ఉండవు. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

జపాన్‌లో వీటిని ఇంకాస్త విడదీసి చూస్తారు. రోజువారీ ముచ్చట్లు, జోకులతో నడిచేవి 'నిచిజో-కే'. గొడవలు, ప్రేమకథలు దాదాపు తీసేసి, నలుగురు కలిసి ఉన్నప్పటి వాతావరణం మీదే ఆధారపడేవి 'కూకి-కే'. చూసేవాళ్ల మనసుకు ఊరట ఇవ్వడానికే తీసినవి 'ఇయాషి-కే'. 'అరియా' ఈ చివరి రకం. అంగారక గ్రహాన్ని నీళ్లతో నింపి అక్కడ వెనిస్ లాంటి ఊరు కట్టారట. ఆ కాలువల్లో పడవ నడపడం నేర్చుకునే అమ్మాయిల కథ అది. పేరుకు సైన్స్ ఫిక్షన్, చూస్తే మధ్యాహ్నం కునుకంత హాయిగా ఉంటుంది.

ఏ రకంలోనూ పూర్తిగా ఇమడనివీ ఉన్నాయి. 2014లో వచ్చిన 'బరాకామోన్'లో హండా అనే కుర్ర కాలిగ్రఫీ కళాకారుడు, తన రాత పాఠ్యపుస్తకంలా ఉందన్న పెద్దాయన మీద చెయ్యి చేసుకుంటాడు. తండ్రి అతన్ని గోతో దీవులకు పంపించేస్తాడు. అక్కడ నారు అనే చిన్నపిల్ల, ఆ ఊరి జనం అతన్ని ఒక్క నిమిషం ప్రశాంతంగా ఉండనివ్వరు. ఇందులో మొదలూ మలుపూ ఉన్నాయి, మనిషి మారతాడు కూడా. అయినా ముద్ర మాత్రం స్లైస్ ఆఫ్ లైఫే. "నాకు ఈ రకం నచ్చదు" అని తేల్చేసేవాళ్లు 'బరాకామోన్' చూసి అన్నారో, ఉత్త కబుర్లతోనే సాగే 'లక్కీ స్టార్' చూసి అన్నారో కనుక్కోవాలి. రెండిటికీ పోలికే లేదు.

నాలుగు గడుల బొమ్మల నుంచి

ఈ తరహా కొత్తదేం కాదు. మచికో హసెగావా 1946లో మొదలుపెట్టిన 'సజాయే-సాన్' కామిక్, 1969 అక్టోబర్‌లో టీవీ యానిమే అయింది. ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు వస్తూనే ఉంది. అత్యధిక కాలం నడిచిన యానిమేషన్ సిరీస్‌గా గిన్నిస్ రికార్డు దానిదే. ఒక ఉమ్మడి కుటుంబం, ఇంటి పనులు, చిన్నాచితకా చికాకులు, అంతే. ఆ ప్రోగ్రాం అయిపోగానే రేపు మళ్లీ ఆఫీసుకో బడికో పోవాలన్న దిగులు పట్టుకుంటుందని, జపాన్‌లో ఆదివారం రాత్రి బెంగను 'సజాయే-సాన్ సిండ్రోమ్' అనడం మామూలు. మన పిల్లలు టీవీలో చూసి పెరిగిన 'షిన్‌చాన్' కూడా ఒక మధ్యతరగతి ఇంటి గోలే. కాబట్టి ఈ రకాన్ని మనం ఎరగమని చెప్పడానికి లేదు.

ఇప్పుడు మనం చూస్తున్న తరహాకు మూలం మాత్రం 'యోన్‌కోమా', అంటే నిలువుగా పేర్చిన నాలుగు గడుల కామిక్. మొదటి గడిలో సంగతి మొదలవుతుంది, రెండో గడిలో కొంచెం ముందుకు జరుగుతుంది, మూడో గడిలో అనుకోనిదేదో వచ్చిపడుతుంది, నాలుగో గడిలో ముగుస్తుంది. ఇద్దరు తలపడాల్సిన పనిలేదు, ఒకరు గెలవాల్సిన పనిలేదు. కియోహికో అజుమా రాసిన 'అజుమాంగా దైయో' ఈ పద్ధతిలోనే వచ్చి 2002లో యానిమే అయింది. అదే ఏడాది హోబున్షా అనే ప్రచురణ సంస్థ ఇలాంటి కామిక్స్ కోసమే 'మాంగా టైమ్ కిరారా' పత్రిక పెట్టింది. క్లబ్ గదిలో టీ తాగే అమ్మాయిల బ్యాండ్ కథ 'కే-ఆన్!' అందులోంచే వచ్చింది. 2022లో హోరెత్తించిన 'బొచ్చి ది రాక్!' ఆ కుటుంబంలోని మరో పత్రికలోంచి వచ్చింది.

నాలుగు గడులను ఇరవై నాలుగు నిమిషాలకు సాగదీయాలి. ఈ సిరీస్‌లలో కొన్ని ఎందుకు పాకుతున్నట్టుంటాయో, కొన్ని ఎందుకు గడగడా వాగుతున్నట్టుంటాయో ఇక్కడే తెలుస్తుంది. ఆ ఖాళీని కొందరు మాటలతో నింపారు, కొందరు దృశ్యంతో నింపారు, చేతగానివాళ్లు బీచ్ ఎపిసోడ్‌తో నింపారు.

మూడు సన్నివేశాలు

2007 నాటి 'లక్కీ స్టార్' మొదటి ఎపిసోడ్‌లో చాక్లెట్ కార్నెట్ మీద చర్చ ఉంటుంది. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా శంఖంలా చుట్టిన బ్రెడ్, లోపల చాక్లెట్ క్రీమ్. దాన్ని ఏ చివర నుంచి తినాలి? అసలు దాని తల ఏ వైపు? కొనాటా, ఆమె స్నేహితురాళ్లు ఈ విషయం మీద చాలాసేపు మాట్లాడుకుంటారు, తలా ఒక పద్ధతి చెబుతారు. చాలామంది అక్కడే సిరీస్ ఆపేశారు, వాళ్లను తప్పుపట్టలేను. కామెడీ పంచ్ కోసం ఎదురుచూస్తే అది రాదు. తిండి మీద పనికిరాని వాదన పెట్టుకునే స్నేహం ఎలా ఉంటుందో చూపించడమే అక్కడి ఉద్దేశం. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన నచ్చింది, సన్నివేశం మాత్రం సగం అయ్యేసరికి విసుగొచ్చింది.

2018లో వచ్చిన 'యురు క్యాంప్' మొదటి ఎపిసోడ్ దీనికి పూర్తిగా ఎదురు. రిన్ అనే అమ్మాయి మొతోసు సరస్సు ఒడ్డున ఒంటరిగా టెంట్ వేస్తుంది, కట్టెలు ఏరుకుంటుంది, మంట రాజేస్తుంది. నిప్పు అంటించడానికి ఎండిన పైన్ కాయ ఎంత బాగా పనికొస్తుందో కూడా మనకు చెబుతారు. ఎపిసోడ్‌లో చాలాసేపు ఇదే పని. తర్వాత నదేషికో అనే అమ్మాయి తగులుతుంది. వెయ్యి యెన్‌ల నోటు మీది ఫుజి పర్వతాన్ని కళ్లారా చూద్దామని సైకిల్ మీద వచ్చి, మబ్బు పట్టి కొండ కనిపించక, బెంచీ మీదే నిద్రపోయి, లేచేసరికి చీకటి పడి హడలిపోయింది. రిన్ ఆమెకు కప్ నూడుల్స్ పెడుతుంది. ఇద్దరూ ఊదుకుంటూ తింటుంటే మబ్బు తొలగి వెన్నెల్లో ఫుజి కనిపిస్తుంది. కథ అంతే. కానీ చలి, పొగ, వేడి నూడుల్స్ ఎంత కచ్చితంగా గీశారంటే, ఆ అమ్మాయికి ఎంత ఆకలేసిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. (ఆ కొండ బొమ్మ నిజంగానే మొతోసు సరస్సు దగ్గర కనిపించే దృశ్యం. 2024 జులైలో విడుదలైన కొత్త నోటు మీద దాని బదులు హోకుసాయ్ గీసిన పెద్ద కెరటం వచ్చింది.)

మూడోది అయిదుగురే చదివే పల్లెటూరి బడి కథ 'నాన్ నాన్ బియోరి' నాలుగో ఎపిసోడ్, 2013. ఒకటో తరగతి చదివే రెంగేకు ఊళ్లో తన ఈడు పిల్లలు లేరు. వేసవి సెలవులకు హోనోకా అనే అమ్మాయి నానమ్మ ఇంటికి వస్తుంది. ఇద్దరూ వాగుల వెంట, చెట్ల వెంట తిరుగుతారు, ఫొటోలు తీసుకుంటారు. ఒకరోజు పొద్దున రెంగే ఆ ఇంటికి వెళ్తే, తండ్రికి పని పడి వాళ్లు వెళ్లిపోయారని ముసలావిడ చెబుతుంది. అప్పుడు కెమెరా రెంగే ముఖం మీద నిలబడిపోతుంది. సంగీతం ఉండదు, మాట ఉండదు. వెళ్లిపోవడం అంటే ఏమిటో ఆ పిల్లకు మెల్లగా అర్థమవుతుంది, కళ్లు నిండుతాయి. మన డైలీ సీరియల్‌లో ఇదే సన్నివేశానికి మూడు జూమ్‌లు, నాలుగు డప్పులు పడేవి.

"ఏమీ జరగలేదు" అనేవాళ్లను ఈ ఎపిసోడ్ ఒక్కటి చూడమంటాను. ఒక స్నేహం పుట్టింది, వీడ్కోలు లేకుండానే తెగింది. తర్వాత ఉత్తరం వస్తుందన్నది వేరే విషయం.

కాలం ఆగిందా, నడిచిందా

ఈ సిరీస్‌ల అసలు కిటుకు కాలాన్ని వాడుకునే తీరులో ఉంటుందని నాకనిపిస్తుంది. 'సజాయే-సాన్'లో ఎవరికీ వయసు పెరగదు. అర్ధ శతాబ్దం దాటినా పిల్లలు ఇంకా అదే బడికి పోతున్నారు.

'కే-ఆన్!' అలా కాదు. 2009లో వచ్చిన మొదటి సీజన్ పదీ పన్నెండు ఎపిసోడ్లలోనే హైస్కూల్ మొదటి రెండేళ్లు పరుగెత్తించేస్తుంది. 2010లో వచ్చిన రెండో సీజన్ దాదాపు దానికి రెట్టింపు పొడవు, అదంతా ఒక్క చివరి సంవత్సరానికే. చదువు అయిపోయే రోజు దగ్గరపడేకొద్దీ కాలం నెమ్మదిస్తుంది. ఆ సీజన్ 20వ ఎపిసోడ్‌లో స్కూల్ ఫెస్టివల్ కచేరీ ముగించుకుని అయిదుగురూ క్లబ్ గదిలో గోడకు చేరగిలబడి కూర్చుంటారు. ఇక క్రిస్మస్, తర్వాత కొత్త సంవత్సరం అంటూ లెక్కలేసుకుంటారు. మాటల్లో వచ్చే ఏడాది ఫెస్టివల్ ప్రస్తావన వస్తుంది. అది తమకు ఉండదని గుర్తొచ్చేసరికి ఒకరి తర్వాత ఒకరు ఏడ్చేస్తారు. ఇన్నాళ్ల టీ, కేకుల ముచ్చట్లు లేకపోతే ఈ ఏడుపుకు బరువే ఉండదు. ఒక్క ఈ ఎపిసోడ్ చూసినవాళ్లకు అది ఎక్కదు కూడా.

'నాన్ నాన్ బియోరి' ఇంకో దారి పట్టింది. 2015 నాటి రెండో సీజన్‌లో కథ ముందుకు పోదు, మొదటి సీజన్‌లో గడిచిన సంవత్సరాన్నే మళ్లీ మొదటి నుంచి చూపించి, అప్పుడు చెప్పని రోజులను పూరిస్తుంది. 2021 నాటి మూడో సీజన్ చివర్లో మాత్రం ఒకడు బడి ముగించి వెళ్లిపోతాడు, ఒక చిన్నపిల్ల కొత్తగా చేరుతుంది. ఆ వెళ్లిపోయిన కుర్రాడు సుగురు సిరీస్ మొత్తంలో ఒక్క మాటా మాట్లాడడు. ఎందుకని ఎవరూ అడగరు.

ఫిర్యాదుల్లో పసెంత

బోర్ అన్న ఫిర్యాదు మీద పెద్దగా వాదించేదేం లేదు. రుచి వేరు, అంతే. కానీ 'కే-ఆన్!'లో ఈ ఫిర్యాదు చేసే మనిషి కథలోనే ఉందన్నది గమనించాలి. అజుసా చక్కగా గిటార్ వాయించే అమ్మాయి. వీళ్ల కచేరీ విని ముచ్చటపడి బ్యాండ్‌లో చేరుతుంది. చేరాక చూస్తే ప్రాక్టీస్ లేదు, పొద్దస్తమానం టీ, కేకులే. ఒళ్లు మండి వేరే బ్యాండ్ల కచేరీలు వినడానికి వెళ్తుంది. వాళ్లు ఇంకా బాగా వాయిస్తారు కూడా. అయినా వీళ్ల పాట తనను ఎందుకు కదిలించిందో తెలియక, అదే అడుగుతూ ఏడుస్తుంది. సిరీస్ తన మీద తానే పెట్టుకున్న విమర్శ అది. జవాబు పూర్తిగా ఒప్పించిందా అంటే, నన్నైతే ముప్పావు వంతే ఒప్పించింది.

రెండో ఫిర్యాదు, ఇదంతా వాస్తవం నుంచి పారిపోవడం అన్నది. దీనికి చరిత్రలో కొంత ఆధారం ఉంది. 1990ల మొదట్లో జపాన్ ఆర్థిక బుడగ పేలింది, అంటే ఎడాపెడా పెరిగిన షేర్ల, భూముల ధరలు కుప్పకూలాయి. 1995 జనవరిలో కోబే భూకంపం 6,400 మందికి పైగా ప్రాణాలు తీసింది, మార్చిలో టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో మనసుకు ఊరట అన్న మాట సంగీతం నుంచి వస్తువుల ప్రకటనల దాకా పాకింది. ఇయాషి-కే కథలు ఊపందుకున్నది ఈ నేపథ్యంలోనే. పారిపోవడమా, కాసేపు ఊపిరి తీసుకోవడమా అన్నది చూసేవాళ్లను బట్టి ఉంటుంది. అయితే విమర్శకులు చూపించే ఒక లోటు మాత్రం నిజం. ఈ లోకాల్లో డబ్బు ఇబ్బంది దాదాపు కనిపించదు. 'కే-ఆన్!'లో యుయి అనే అమ్మాయి మనసుపడిన గిటార్ ధర రెండున్నర లక్షల యెన్‌లు. పార్ట్‌టైమ్ పని చేసినా సరిపోదు. చివరికి ఆ షాపు బ్యాండ్‌లోని ముగి వాళ్ల నాన్న కంపెనీదేనని తేలి యాభై వేలకు ఇచ్చేస్తారు. నవ్వొస్తుంది, కానీ చిక్కుముడి విప్పకుండా కత్తిరించేసినట్టే కదా. అలాంటి బ్యాండ్ కథే అయిన 'బొచ్చి ది రాక్!'లో అయితే కచేరీ చేయాలంటే ముందు తమ వాటా టికెట్లు అమ్ముకోవాలి. మనుషులంటేనే భయపడే హితోరి ఆ టికెట్లు ఎవరికి అమ్మాలో తెలియక నానా తంటాలు పడుతుంది. తొలి కచేరీ అయితే మామిడిపళ్ల అట్టపెట్టెలో దూరి వాయించింది!

ఇక గట్టి ఫిర్యాదు మూడోది. ఈ కథల్లో చాలావాటిలో ఉన్నదంతా అమ్మాయిలే, కిరారా లాంటి పత్రికలు ప్రధానంగా చూసుకునేదేమో మగ పాఠకులను. అందంగా, అమాయకంగా, ఎవరితోనూ ప్రేమలో పడకుండా ఉండే అమ్మాయిలను గీసి మగవాళ్లకు అమ్ముతున్నారన్నది విమర్శ. స్నానాల ఎపిసోడ్, ఈతదుస్తుల ఎపిసోడ్ ఏదో నియమంలా వచ్చిపడుతుంటే ఆ మాట కాదనలేం. ఎదుటి వాదనలోనూ బలముంది. 'కే-ఆన్!' దర్శకురాలు నావోకో యమదా, రచనకు పెద్దదిక్కు రేకో యోషిదా, పాత్రల రూపకల్పన యుకికో హొరిగుచి. ముగ్గురూ ఆడవాళ్లే. ఆ అమ్మాయిల కబుర్లలో తమ స్కూలు రోజులే కనిపిస్తాయని చెప్పే మహిళా ప్రేక్షకులు కూడా తక్కువేం కాదు.

ఎవరు తీశారన్నదాంతో ఈ పంచాయితీ తేలదు. కెమెరా అమ్మాయిని చూస్తోందా, అమ్మాయి చూస్తున్న దాన్ని చూస్తోందా అని నేను గమనిస్తాను. 'యురు క్యాంప్'లో ఎక్కువ సేపు మంటను, సరస్సును, కొండను చూస్తాం. ఈ పరీక్షలో తప్పే సిరీస్‌లు బోలెడు. పైకి ఎంత ముద్దుగా ఉన్నా, రెండో వారానికి వాటిలో ఎవరి పేరూ గుర్తుండదు.

నిజం ఊళ్లు, నిజం జనం

ఈ కథల్లో ఊళ్లను చాలావరకు నిజం ఊళ్లను చూసే గీస్తారు, అభిమానులు వెతుక్కుంటూ అక్కడికి పోతారు. సైతామా ప్రాంతంలోని వాషినోమియా ఆలయం 'లక్కీ స్టార్'లో కనిపించింది. అంతకుముందు కొత్త సంవత్సరం దర్శనాలకు సుమారు 1.3 లక్షల మంది వచ్చేవారు, 2008లో ఆ సంఖ్య 3 లక్షలకు చేరింది. షిగా ప్రాంతంలో తొయొసాతో పాత ప్రాథమిక పాఠశాల భవనం 'కే-ఆన్!' బడికి నమూనా. ఇప్పుడక్కడ టీ కప్పులు సర్దిన బల్ల చూడటానికి జనం వస్తారు.

'నాన్ నాన్ బియోరి' విషయం కొంచెం చేదు. ఆ చెక్క బడికి నమూనా సైతామాలోని ఒగావాలో ఉన్న బడి, అది మూతబడిన బడి. జపాన్ పల్లెల్లో పిల్లలు లేక ఏటా వందల బడులు మూతపడుతున్నాయి. సిరీస్‌లో మాత్రం అయిదుగురితోనే బడి హాయిగా నడుస్తుంది. టీచర్‌గారు క్లాసులో నిద్రపోతుంటారు, ఎవరికీ టెన్షన్ లేదు. ఊళ్లు ఖాళీ అయిపోతున్న బాధను అందంగా కప్పేశారని ఒకరు, కప్పలేదు, పోతున్నదాన్ని పదిలపరిచారని ఇంకొకరు అంటారు. నానమ్మ ఇంట్లో వేసవి సెలవులు గడిపిన మనవాళ్లకు రెండో మాటే దగ్గరగా అనిపించవచ్చు. పల్లెలోనే ఉండి, బస్సు లేక ఇబ్బంది పడ్డవాళ్లు మొదటి మాటే అంటారేమో.

చూసే తీరుతో వచ్చే తేడా

ఈ సిరీస్‌లు చాలావరకు వారానికి ఒకటి చొప్పున, అర్ధరాత్రి దాటాక ప్రసారం కోసం తీసినవి. ఆఫీసు నుంచి అలసి వచ్చినవాడు పడుకునే ముందు చూసే ఇరవై నాలుగు నిమిషాలు. మనమేమో ఆదివారం కూర్చుని పన్నెండూ ఒకేసారి లాగించేస్తాం. అలా చూస్తే 'కే-ఆన్!' కూడా మొహం మొత్తుతుంది. ఇక్కడ విసుగు పూర్తిగా సిరీస్ తప్పు కాదు.

భాష ఇంకో చిక్కు. తెలుగు డబ్బింగ్ ఎక్కువగా పోరాటాల సిరీస్‌లకే దక్కుతోంది, ఇలాంటివి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడాల్సిందే. 'నాన్ నాన్ బియోరి'కి దాంతో పెద్ద నష్టం లేదు, అందులో మాటలే తక్కువ. 'లక్కీ స్టార్' దాదాపు సగం పోతుంది. అందులో జోకులన్నీ జపాన్ టీవీ షోల మీద, గేమ్‌ల మీద, మాట్లాడే వేగం మీద నడుస్తాయి. కిందున్న అక్షరాలు చదివేసరికి పైన నవ్వు అయిపోతుంది.

వీటన్నిటి మధ్య ఎటూ చెందనిది 2011 నాటి 'నిచిజో'. పేరుకు అర్థం రోజువారీ జీవితమే. కానీ అందులో లంచ్ డబ్బాలోంచి జారిన సాసేజ్ ముక్క నేలమీద పడకుండా పట్టుకోవడానికి ఒక అమ్మాయి చేసే విన్యాసాన్ని యుద్ధ సన్నివేశం స్థాయిలో గీశారు. ప్రిన్సిపాల్ స్కూల్ ఆవరణలో జింకతో కుస్తీ పడతాడు. కత్తియుద్ధాల సిరీస్‌ల నుంచి నేరుగా ఇటు వచ్చి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేను చెప్పే పేరు ఇదే. ఇందులో ఏమీ జరగట్లేదని మాత్రం ఎవరూ అనలేరు.